నలుగురు పోరగాళ్లు, ఒక సీత, ఒక జంధ్యాల

వాట్సాప్ గ్రూపుల్ల తిరిగే రెండు స్టిక్కర్ల కాడ్నించి మొదలుపెడుదాం. ఒకటి, పైన కోడిని ఏలాడగట్టి దాన్ని సూసుకుంట ఉత్తన్నం తినే కోట శ్రీనివాసరావు. రెండోది, పెండ్లాం ఏమన్నా సరేనని తల ఊపే ఎఫ్2 పెద్దమనిషి. మొదటిది 1987ల వచ్చిన 'అహ నా పెళ్ళంట' సినిమాలది. రెండో దాంట్ల ఉన్న పెద్దమనిషి పేరు ప్రదీప్. ఆయన 1981ల 'ముద్ద మందారం' అనే సినిమాకు లేత వయసు హీరో. ఎవడన్న నస పెడుతుంటే సుత్తి కొడుతున్నడని మనం అంటం గదా, ఆ మాటను ఊరూరికి మోసింది 1982 నాటి 'నాలుగు స్తంభాలాట'. ఈ మూడింటి ఎనక ఉన్న మనిషి ఒక్కడే. ఆయన సచ్చిపోయి ఇరవై ఏండ్లు దాటింది. మీల చానామందికి ఆయన మొఖం గూడ తెల్వదు, ఆయన మాట మాత్రం మీ ఫోన్ల ఉన్నది.

జంధ్యాల అనేది ఇంటిపేరు. అసలు పేరు వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్యశాస్త్రి. ఇంత పొడుగు పేరు పోస్టర్ మీద పట్టదు కాబట్టేనేమో ఇంటిపేరే నిలబడ్డది. 1951 జనవరి 14న, సంక్రాంతి పూట, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంల పుట్టిండు. పెరిగింది, సదివింది బెజవాడల. హుజూర్‌నగర్ల బస్సెక్కి కోదాడ కాడ హైవే మీదికొచ్చి, జగ్గయ్యపేట, నందిగామ దాటితే వచ్చే బెజవాడే. దవాఖానకని, పెండ్లి బట్టలకని మనోళ్లు పొయ్యొచ్చే ఊరే. బి.కాం. సదివిండు గని ఆయన పానమంత నాటకాల మీద ఉండె. కాలేజీల ఉన్నప్పటి నుంచే నాటకాలు రాసుడు, ఆడుడు, ఆడిపిచ్చుడు. జనం ఏడ నవ్వుతరో, ఏడ నవ్వు ఆగిపోతదో ఆయన నేర్చుకున్నది పుస్తకాల్ల కాదు, స్టేజీ ముంగట కూసున్న మనుషుల కాడ.

ఆనాడు తెలుగు సినిమా అంత మద్రాసుల ఉండె. ఈయన గూడ ఆడికే పోయిండు. 1976ల కె. విశ్వనాథ్ తీసిన 'సిరిసిరిమువ్వ'కు మాటలు రాసిండు. అప్పటికి ఆయనకు పాతికేండ్లు. తెల్లారి ఏడు 'అడవి రాముడు'. ఎన్టీఆర్ సినిమా. అది ఎంత ఆడిందో మీ తాతల్ని అడుగున్రి, టికెట్ దొరకక గోడ దునికిన కతలు గూడ చెప్తరు. 1979ల 'వేటగాడు', 1980ల 'శంకరాభరణం'. ఒక దిక్కు ఈలలు కొట్టిచ్చే మాటలు, ఇంకో దిక్కు ముసలి సంగీతం పంతులు ఇంట్ల మెల్లగ నడిచే మాటలు. రెండూ ఒక్క చెయ్యే రాసింది. ముప్పై ఏండ్లు నిండకముందే ఆయన పేరు పెద్ద రైటర్ల లెక్కల పడ్డది.

ఈడ ఒక ముచ్చట ఆగి సూడాలె. 'వేటగాడు' వచ్చేనాటికి ఎన్టీఆర్‌కు యాభై ఆరేండ్లు. ఆయన పక్కన ఎగిరిన శ్రీదేవికి పదహారు నిండలె. అప్పట్ల అదేం వింత కాదు. తెర మీద కాలేజీ పోరనిగ ఉన్నోనికి ఇంటికాడ మనుమలు ఉండొచ్చు, ఎవరూ అడగరు. వయసుల ఉన్నోళ్ల ప్రేమ కతలు అసలు లేవని కాదు. 1978లనే 'మరో చరిత్ర' వచ్చింది, 'పదహారేళ్ళ వయసు' వచ్చింది. అవి ఒకటి రెండు. మిగిలిందంత పెద్ద హీరోల రాజ్యం, ఆ రాజ్యానికి మాటలు అందించేటోళ్లల్ల జంధ్యాల ముందు వరుసల ఉన్నడు. పైసలకు, పేరుకు కొదువ లేదు. గట్ల కూసున్న మనిషి లేచి, కుర్చీ ఇడిసిపెట్టి, పేరు ఊరు తెలియని పిల్లలను పెట్టి సినిమా తీస్తనన్నడు.

అట్ల వచ్చిందే 'ముద్ద మందారం'. డైరెక్టర్‌గ ఆయనకు మొదటిది. ప్రదీప్, పూర్ణిమ ఇద్దరూ కొత్త మొఖాలే. రమేష్ నాయుడు సంగీతం, వేటూరి పాటలు. వయసు పిల్లల ప్రేమను పద్దెనిమిదేండ్ల మొఖాల మీదనే సూపిచ్చుడు ఆయన చేసిన పని. చెప్పుకుంటే చిన్న ముచ్చటే. కని యాభై ఏండ్ల హీరో ప్రేమిస్త అంటే మనం ఈల కొడుతం, పద్దెనిమిదేండ్ల పిల్లగాడు అంటే మనకు బుగులైతది. వీడు ఆగమైపోతడేమో, ఆ పిల్ల బతుకు ఏమైతదో అని. ఆ బుగులే సినిమాకు బరువు.

ఏడాది తిరిగేసరికి 'నాలుగు స్తంభాలాట'. విజయనిర్మల కొడుకు నరేష్, ప్రదీప్, పూర్ణిమ, తులసి. ఈ తులసి రెండేండ్ల కింద 'శంకరాభరణం'ల చిన్నపిల్ల, ఈ సినిమా నాటికి గూడ పదిహేనేండ్ల పిల్లే. రెండు జంటల కత. పాటలు రాజన్-నాగేంద్ర చేసిన్రు, వాన పడితే ఇప్పటికీ రీల్స్‌ల ఒకటి మోగుతనే ఉంటది. ఈ సినిమాలనే వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నాటకాల మనుషులు జనానికి పరిచయమైన్రు. వీరభద్రరావు బెజవాడ రేడియోల పనిచేసినాయన. సినిమా ఆడినంక ఇద్దరి పేర్ల ముంగట 'సుత్తి' అతుక్కున్నది, కాటికి పోయేదాక ఊడలె. వాళ్లు నవ్విస్తుంటే నవ్వుకుంట కూసున్న జనానికి, రెండు జంటలను పరిస్థితులు ఎట్ల ఇడదీస్తయో సూసేసరికి గొంతు పట్టుకుంటది. ఇది జంధ్యాల అలవాటు. ముందు మనల్ని నవ్విచ్చి, తలుపు తెరిపిచ్చి, ఆ తెరిచిన తలుపుల నుంచి దుఃఖాన్ని లోపటికి తోలుతడు.

ఆ అలవాటు బాగ పండింది నా లెక్కల 'రెండుజెళ్ళ సీత'ల. 1983. పెద్దోళ్లు 'ఆనందభైరవి' అంటరు, 'శ్రీవారికి ప్రేమలేఖ' అంటరు. అననియ్యున్రి. మీ వయసోళ్లు సూడాల్సింది ఇది.

కత చెప్పుకుంటే శానా చిన్నది. నలుగురు పోరగాళ్లు ఒక ఇంట్ల అద్దెకుంటరు. నరేష్, ప్రదీప్, రాజేష్, శుభాకర్. పని తక్కువ, అల్లరి ఎక్కువ. ఆ పక్కకు సీత అనే పిల్ల కుటుంబం దిగుతది. మహాలక్ష్మి చేసింది ఆ పాత్ర. ఇగ సూడాలె, నలుగురూ ఆ ఒక్క పిల్ల ఎంబడే పడ్తరు. ఒకనికి తెల్వకుండ ఒకడు వేషాలు, ఎత్తులు, ఒకని ఎత్తు మీద ఇంకోని పైఎత్తు. సగం సినిమా ఇదే. ఊర్ల బస్టాండు కాడ, కాలేజీ గేటు కాడ బైకుల మీద కూసొని మన పోరగాళ్లు చేసే యవ్వారమంత అండ్ల ఉంటది, బైకులు మాత్రం ఉండయి.

ఇంకో డైరెక్టర్ అయితే ఏం చేస్తుండె? నలుగుర్ల ఒకడ్ని గెలిపిచ్చి, ముగ్గుర్ని పక్కన నిలబెట్టి, ఒక డ్యూయెట్ ఏస్తుండె. పిల్ల బహుమతి లెక్క గెలిచినోని చేతికి పోతుండె. జంధ్యాల ఆడ బండి ఆపిండు. సీతకు ఒక గతం ఉన్నదని ఆ నలుగురికి తెలుస్తది. ఆమె ఇష్టపడ్డ మనిషి ఉన్నడు. పెండ్లిదాక వచ్చిన ముచ్చట కట్నం కాడ ఆగి ఇరిగిపోయింది. వీళ్లు ఇన్నొద్దులు ఆ పిల్ల మొఖంల సిగ్గు అనుకున్నది, బెట్టు అనుకున్నది, అది ఇరిగిన మనసు. తెలిసినంక నలుగురి ఆట బందైతది. ఆ పిల్లను ఆమె కోరుకున్నోనితోనే కలపాలని నడుం కడ్తరు.

ఎంటబడ్డ పోరగాళ్లే పెండ్లి పెద్దలైన్రు. ఇండ్ల మాయ మంత్రం ఏం లేదు. సీత గూడ ఒక మనిషి, ఆమెకు గూడ ఒక ఇష్టం ఉంటది అని తెలుసుకోవుడే వాళ్లు పెద్దగయ్యుడు. ఆ మలుపు దాక మనం గూడ ఆ నలుగురితోనే నవ్వుతం, అందుకే మలుపు కాడ మనకు గూడ తల దించుకున్నట్టు అయితది. జంధ్యాల తెలివి అంత ఆడనే ఉన్నది. మొదాల నుంచే పాఠం చెప్పుంటే పోరగాళ్లు సగంలనే లేచి బయటికొచ్చి సోడా తాగుతుండె.

ఆ 1983 సంవత్సరమే ఇంకోటి జరిగింది. కట్నం తీసుకున్నా, ఇచ్చినా నేరమని చట్టం 1961లనే వచ్చింది గని అది కాయితం మీదనే ఉండె. దేశమంత కోడండ్ల సావులు పేపర్లకెక్కినయ్, ఆడోళ్లు రోడ్లెక్కిన్రు. ఆఖరికి 1983 డిసెంబర్ల అత్తింటోళ్లు పెట్టే హింసను నేరం చేసుకుంట 498-ఎ వచ్చింది. ఇప్పుడు కొత్త న్యాయ సంహితల అదే 85వ సెక్షన్ అయింది. జంధ్యాల చట్టం గురించి సినిమా తియ్యలె. ఆయనకు ఆ గొడవ తన చుట్టూ మధ్యతరగతి ఇండ్లల్ల కనపడ్డది, ఆడపిల్ల తండ్రి మొఖంల కనపడ్డది. ఒక నవ్వుల సినిమా నడుమ పెట్టిండు.

నలభై ఏండ్లు దాటింది గదా, మన కాడ ఏం మారింది? సాగర్ ఎడమ కాల్వ కింద పొలం ఉంటే ఒక రేటు, సర్కారు కొలువుంటే ఒక రేటు, అమెరికాల ఉంటే ఇంకో రేటు. పేరు మారింది అంతే. కట్నం అనరు, లాంఛనాలంటరు, పిల్ల పేరు మీద ప్లాట్ అంటరు, కారు వాళ్ల సంతోషం కొద్ది ఇస్తున్నరంటరు. ప్రేమించిన పిల్లనే చేసుకుంట అని ఇంట్ల కొట్లాడి గెలిచినోడు గూడ, తులాల లెక్క వచ్చేసరికి మా నాయిన మాట్లాడతడని పక్కకు జరుగుతడు. సీతను చేసుకోవాల్సినోడు తప్పిపోయింది అసొంటి జాగలనే. అందుకే ఆ సినిమా పాతగాలె.

జంధ్యాలను నెత్తిన పెట్టుకోమని నేను చెప్తలేను. ఆయన సినిమాల్ల లోపాలు శానా ఉన్నయ్. 'రెండుజెళ్ళ సీత' మొదటి సగం ఇయ్యాల తీస్తే, ఎంటబడి తిరుగుడును నవ్వులాటగ సూపిస్తరా అని అడుగుతరు, అడగాలె గూడ. ఆయన తర్వాత సినిమాల్ల ఆడోళ్ల మీద ఏసిన జోకులు కొన్ని ఇప్పుడు ఇంటుంటే నవ్వు రాదు, ఇబ్బందైతది. ఆయన లోకం గూడ చిన్నది. అగ్రహారం ఇండ్లు, ఆఫీసు గుమాస్తాలు, అద్దె వాటాలు. నాటేసే ఆమె, హమాలీ పని చేసే ఆయన, బీడీలు చుట్టే అక్క ఆ తెర మీదికి రావుడు తక్కువ. ఇగ యాస అంటరా, ఆయన తెలుగు అంత కృష్ణ-గోదావరి తెలుగు. మూసీకి ఈ పక్కన మనం మాట్లాడే మాట ఆడ దొరకది. ఆనాడు మన మాట తెర మీదికి వచ్చిందంటే రౌడీకో పనోడికో తప్ప రాలె. 'ఫిదా' కోసం 2017 దాక, 'బలగం' కోసం 2023 దాక ఆగాల్సి వచ్చింది. ఇది ఒక్క జంధ్యాల తప్పు కాదు, ఆయన బయట గూడ లేడు.

కని ఒక్కటి ఒప్పుకోవాలె. హుజూర్‌నగర్, మఠంపల్లి దిక్కు మన మాట సగం తెలంగాణ, సగం కృష్ణ అవతలిది. ఏటి ఒడ్డు ఊర్లు గదా, పెండ్లి సంబంధాలు గూడ అటు ఇటు. అందుకే ఆయన మాటలు మనకు పరాయిగ అనిపియ్యలె. బూతు లేకుండ, ఒకని కులం ఎత్తకుండ తిట్టుడు ఎట్లనో ఆయన తిట్లు ఇని నేర్చుకున్నోళ్లు ఉన్నరు. వీరభద్రరావు నోట్లె నుంచి వచ్చే ఆ తిట్లల్ల కోపం ఉంటది గని ఇసం ఉండది.

1984ల 'శ్రీవారికి ప్రేమలేఖ' వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి రాసిన నవల దానికి మూలం. రామోజీరావు పెట్టిన ఉషాకిరణ్ మూవీస్‌కు అదే మొదటి సినిమా. ఒక పిల్ల తనకు కాబోయే మొగడు ఎవరో తెల్వకుండనే ప్రేమలేఖ రాసి పోస్టుల ఏస్తది. అది చేరినోడు ఆమెను ఎతుక్కుంట బయలెల్తడు. తెల్వని నంబర్ నుంచి హాయ్ అని మెసేజ్ రాంగనే గుండె కొట్టుకునే కాలంల ఉన్న మీకు ఆ కత అర్థం చేసుకునుడు కష్టం కాదు. దాంట్ల శ్రీలక్ష్మి ఒక పాత్ర చేసింది, ఎవరు దొరికితే వాళ్లను కూసోబెట్టి సినిమా కత పేర్లు పడే కాడ్నించి చెప్పే ఆడామె. ఇప్పుడు ఆమె ఉంటే యూట్యూబ్ చానల్ పెడుతుండె.

ఆ తర్వాత ఆయన పరుగు చెప్పుకుంట పోతే రోజు సాలది. 1986ల చిరంజీవితోని 'చంటబ్బాయ్'. పైట్లు చేసే మనిషిని పిచ్చి డిటెక్టివ్‌ను చేసిండు. 1987ల అమెరికా పోయి 'పడమటి సంధ్యారాగం' తీసిండు. విజయశాంతి పక్కన థామస్ జేన్ అనే తెల్ల పిల్లగాడు, తర్వాత వాడు హాలీవుడ్ల హీరో అయిండు. ఆ ఏడాదే 'అహ నా పెళ్ళంట'. ఆదివిష్ణు రాసిన 'సత్యంగారి ఇల్లు' నవల మీద అల్లిన కత. అత్తిలి కాలేజీల తెలుగు పాఠం చెప్పుకునే బ్రహ్మానందాన్ని జనం గుర్తుపట్టింది ఆ సినిమాతోని. అంటే మీ ఫోన్లల్ల ఉన్న సగం మీమ్స్‌కు మూలం ఆడ ఉన్నదన్నట్టు.

పైకి పోయిన మనిషికి పక్కనోళ్లు రాలిపోవుడు మొదలైంది గూడ అప్పుడే. ఆయన సినిమాలకు పానం పోసిన రమేష్ నాయుడు 1987ల పోయిండు. ఏడాది తిరగకముందే, 1988 జూన్‌ల, వీరభద్రరావు పోయిండు. ఒకడు ఆయన పాట, ఇంకొకడు ఆయన గొంతు. సినిమాలు ఆగలె. 'చూపులు కలిసిన శుభవేళ', 'వివాహ భోజనంబు', 'హై హై నాయకా', 'జయమ్ము నిశ్చయమ్మురా', నవ్వు తగ్గలె. కని ఆ తొలి నాలుగైదేండ్ల పిల్లల సినిమాల్ల ఉన్న తడి ఎనుకటి లెక్క మళ్ల కనపడలె అని నాకు అనిపిస్తది. నవ్విచ్చే మనిషి అని పేరు పడ్డంక జనం నవ్వే అడుగుతరు. హాస్యబ్రహ్మ అనే బిరుదు గూడ ఒక తీరుగ కట్టేసిన తాడే.

మాటలు రాసుడు మాత్రం ఇడువలె. 1990ల 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 1991ల 'ఆదిత్య 369', రెండూ ఆయన మాటలే. 1992ల విశ్వనాథ్ 'ఆపద్బాంధవుడు'ల తెర మీదికే వచ్చిండు, హీరోయిన్ తండ్రిగ. ఆ సినిమాల ఆయన్ని సూస్తే నవ్విచ్చే మనిషి అనిపియ్యడు. మెత్తటి మనిషి, లోపల ఏందో మోస్తున్న మనిషి లెక్క కనపడ్తడు. 90లు పోను పోను ఆయన తీరు సినిమాలకు మార్కెట్ పడిపోయింది. ఆయన మొత్తం తీసినయి నలభై దాక ఉంటయ్. అండ్ల పెద్ద హీరోల తోని తీసినయి ఏళ్ల మీద లెక్కబెట్టొచ్చు.

2001 జూన్ 19న హైదరాబాద్‌ల గుండె ఆగి పోయిండు. యాభై ఏండ్ల వయసు. మన కాడ యాభై అంటే బిడ్డల పెండ్లిళ్లకు ఉరికే వయసు.

ఆయన పోవుడుకు సరిగ్గ ఏడాది ముందు, 2000 జూన్‌ల, 'చిత్రం' వచ్చింది. ఉదయ్ కిరణ్, రీమాసేన్. పేరు ఊరు తెల్వని పిల్లలు, తక్కువ ఖర్చు. సదువుకునే వయసుల ప్రేమ, సగం దాక నవ్వులు, ఆ తర్వాత ఒళ్లోకొచ్చిన పసిబిడ్డ, పుస్తకాలు ఒక చేత, బిడ్డ ఒక చేత. కాలేజీలకు కాలేజీలు కదిలొచ్చి సూసినయ్. నవ్వుకుంట పోయినోళ్లు ఏదో ఒకటి మనసుల పెట్టుకొని బయటికొచ్చిన్రు. ఆ నాలుగు నెలలకే 'నువ్వే కావాలి', తరుణ్, రిచా. మళ్ల అదే తీరు. రెండింటినీ తీసింది ఉషాకిరణ్ మూవీసే. పదహారేండ్ల కింద జంధ్యాల ప్రేమలేఖతోని మొదలైన కంపెనీనే. పేర్లు పడేకాడ జంధ్యాల పేరు లేదు. లేత పిల్లల్ని నమ్ముకున్న ఆ పద్ధతి మాత్రం ఆయనదే.

ఆ నలుగురు పోరగాళ్లల్ల రాజేష్ నడి వయసు గూడ దాటకముందే పోయిండు. నరేష్ ఇప్పుడు ప్రేమ కతల్ల హీరోలకు నాయినగ చేస్తుండు. 'సమ్మోహనం'ల సూడున్రి, హీరోకు తండ్రి. 'రెండుజెళ్ళ సీత'ల పిల్ల ఇంటి చుట్టూ తిరిగినోడే ఆయన. రెండు సినిమాలు ఒకదాని ఎంబడి ఒకటి పెట్టుకొని సూడున్రి, ఆ మొఖం ఒక్కటే అని కొద్దిసేపు నమ్మబుద్ధి కాదు.